మాత్రకూ మాత్రకూ మధ్య

లంబసింగి నుంచి విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల నూరు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. ముందు ఘాట్ రోడ్డు దిగి నర్సీపట్నం చేరాలి. అక్కణ్నుంచి విశాఖ దారి పట్టాలి. ఉదయం ఓపీ అందుకోవాలంటే చీకటితోనే బయల్దేరాలి. జబ్బు మనిషి ఒక్కడూ వెళ్లలేడు కనుక తోడు వెళ్లేవాళ్ల కూలి కూడా పోతుంది. ఇంతా చేసి డాక్టరు ముందు కూర్చునేది కొద్ది నిమిషాలు. నిద్ర పడుతోందా, గొంతులు వినిపిస్తున్నాయా, మందు వేసుకుంటున్నాడా అని నాలుగు ప్రశ్నలు అడుగుతారు, నెలకు సరిపడా మాత్రలు ఇస్తారు. మళ్లీ అదే దారి.

తరవాతి ముప్ఫై రోజుల సంగతేమిటి? అతను ఎవరితో మాట్లాడతాడు, ఏ పని చేస్తాడు, ఇంట్లో అతన్ని ఏమని పిలుస్తారు, ఊళ్లో పెళ్లయితే రమ్మంటారా లేదా? స్కిజోఫ్రీనియా విషయంలో వైద్యం చాలావరకు ఈ ప్రశ్నల దగ్గరే ఉంది. మాత్ర చేసే పని మాత్ర చేస్తుంది. మనిషిని మళ్లీ మనుషుల మధ్య నిలబెట్టే పనిని మనోసామాజిక చికిత్స అంటారు. దానికి పెద్ద భవనం అక్కర్లేదు. తగిన శిక్షణ, వెనక ఒక డాక్టరు అండ ఉంటే ఊరివాళ్లే ఊళ్లోనే చేయగలరు. మన దేశంలోని పల్లెల్లోనే, అందులోనూ గిరిజన పల్లెల్లో, ఈ మాటను పరీక్షించి చూశారు.

లంబసింగి అంటే మైదానంలో ఉన్నవాళ్లకు మంచు గుర్తొస్తుంది. చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు చేరుతుంది. ఆ మంచును చూడ్డానికి తెల్లారకముందే కార్లు బారులు తీరతాయి. ఆ రెండు నెలల హడావిడి పోతే ఇది కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్మా పండించుకునే గిరిజనుల సీమ. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక జిల్లా కార్యాలయాలు కొండ మీదికి వచ్చాయి. అయినా రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను డోలీ కట్టి మోసుకొస్తున్న ఫొటోలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. కాన్పుకే దారి లేని చోట మనసు జబ్బు ఎవరికి పడుతుంది అని అడగవచ్చు. అది ఎవరికి పడుతుందో ఆ ఇళ్లలోని తల్లులకు తెలుసు. కొడుకు రాత్రంతా గోడతో మాట్లాడుతుంటే మేలుకుని ఉండేది వాళ్లే, పొలానికి వెళ్తూ తలుపు గడియ పెట్టుకుని వెళ్లేదీ వాళ్లే.

ఈ జబ్బు అరుదైనది కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం ప్రపంచంలో రెండు కోట్లకు పైగా మందికి, అంటే మూడు వందల పైచిలుకు మందిలో ఒకరికి ఇది ఉంటుంది. ఎక్కువగా పదిహేడు, పద్దెనిమిదేళ్లు దాటాక, ఇరవైలలో బయటపడుతుంది. మగవాళ్లలో కాస్త ముందే వస్తుంది. చదువు పూర్తయ్యే, పెళ్లి మాట వచ్చే, చేతికి అందివచ్చే వయసు అది.

లక్షణాలను రెండు గుంపులుగా చూస్తే చికిత్స ఎందుకు ఒక్క మందుతో ఆగకూడదో తెలుస్తుంది. మొదటివి అందరి కంటా పడేవి. ఎవరూ లేనప్పుడు గొంతులు వినిపిస్తాయి. పొరుగువాళ్లు తనను చంపడానికి చూస్తున్నారని గట్టి నమ్మకం కలుగుతుంది. తన ఆలోచనలు అందరికీ తెలిసిపోతున్నాయన్న భయం పట్టుకుంటుంది. మాటలు ఒకదానికొకటి పొంతన లేకుండా పోతాయి. రెండో రకం లక్షణాలు చప్పుడు చేయవు. మాట తగ్గిపోతుంది, ముఖంలో సంతోషం, దుఃఖం కనిపించవు. స్నానం చేయాలనిపించదు. ఏ పనికీ మనసు కదలదు. వీటికి తోడు ధ్యాస నిలవదు, చెప్పింది గుర్తుండదు. 1952లో పారిస్ డాక్టర్లు క్లోర్‌ప్రొమజీన్ అనే మందును ఈ రోగులకు వాడి చూసినప్పటి నుంచి మొదటి రకం లక్షణాలను అదుపు చేసే దారి దొరికింది. తరవాత మరెన్నో మందులొచ్చాయి. మాత్ర మింగడం కష్టమైన వాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి చేసే ఇంజెక్షన్లూ ఉన్నాయి. ఇవన్నీ గొంతులను తగ్గిస్తాయి, అనుమానాలను చల్లారుస్తాయి. రెండో రకం లక్షణాల మీద మాత్రం వాటి ప్రభావం అంతంతమాత్రమే.

ఇంటి గొడవ ఇక్కడే మొదలవుతుంది. విశాఖ వెళ్లొచ్చాక కేకలు ఆగిపోయాయి. దెయ్యం దిగింది, జబ్బు పోయింది అనుకుంటారు. కానీ కుర్రవాడు దుప్పటి కప్పుకుని పడుకునే ఉంటాడు. నయమైనవాడు పనికి ఎందుకు వెళ్లడు? బద్ధకం, దొంగవేషం, తిని కూర్చోవడం మరిగాడు. ఇలా మాటలు పడతాయి. జబ్బులోని ఒక భాగాన్నే ఇంటివాళ్లు తప్పుగా లెక్కకట్టి తిడుతున్నారని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. ఈ లోపు అతను మందు ఆపేస్తాడు. నయమైందనో, చేతులు వణుకుతున్నాయనో, ఎప్పుడూ మత్తుగా ఉంటోందనో. కొన్ని వారాలకో నెలలకో జబ్బు తిరగబెడుతుంది.

ఇంటి మాటతీరుకూ జబ్బు తిరగబెట్టడానికీ సంబంధం ఉందని శాస్త్రానికి తెలిసింది లండన్‌లో. 1950లలో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త మానసిక ఆసుపత్రుల నుంచి ఇళ్లకు వెళ్లినవారి సంగతి ఆరా తీశాడు. అద్దె గదుల్లో ఒంటరిగా ఉన్నవారి కంటే తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లినవారిలో కొందరి పరిస్థితి అధ్వానంగా ఉందని గమనించాడు. తరవాత ఏళ్ల తరబడి పరిశోధించి, తప్పులు ఎంచడం, కసురుకోవడం, లేదా అతిగా పట్టించుకుని ఊపిరాడకుండా చేయడం ఎక్కువున్న ఇళ్లలో జబ్బు త్వరగా తిరగబెడుతుందని తేల్చారు. 1980లలో జూలియన్ లెఫ్, ఎన్.ఎన్. విగ్ మొదలైనవాళ్లు ఇదే కొలతను చండీగఢ్ ప్రాంతానికి తెచ్చారు. లండన్ ఇళ్ల కంటే ఇక్కడి ఇళ్లలో ఆ దెప్పిపొడుపులు చాలా తక్కువ. పట్నం కంటే చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా తక్కువ.

అంతకుముందే 1960ల చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశాల్లో స్కిజోఫ్రీనియా రోగులను గమనించడం మొదలుపెట్టింది. మన దేశం నుంచి ఆగ్రా అందులో ఉంది. ఆగ్రాలో, నైజీరియాలోని ఇబాదాన్‌లో రోగులు ధనిక దేశాల రోగుల కంటే మెరుగ్గా కోలుకున్నట్టు కనిపించింది. ఉమ్మడి కుటుంబం, పొలం పని, ఊరి ఓర్పు ఇందుకు కారణమని చాలామంది సంబరపడ్డారు. ఆ సంబరం తొందరపాటు. 2008లో అలెక్స్ కోహెన్, విక్రమ్ పటేల్, ఆర్. తారా, ఓయె గురెజె కలిసి పేద, మధ్యాదాయ దేశాల నుంచి వచ్చిన 23 అధ్యయనాలను మళ్లీ చదివి, ఆ మాటను అంత తేలిగ్గా నమ్మలేమన్నారు. చికిత్సే అందక, పెళ్లిళ్లు చెడి, వీధిన పడ్డవాళ్లు పల్లెల్లోనూ ఎంతోమంది ఉన్నారు. కనుక పల్లె దానంతట అదే మందు అయిపోదు. అయితే పల్లెలో వాడుకోదగిన బలం ఉందన్నది మాత్రం నిజం. చిన్న పనులుంటాయి, తెలిసిన ముఖాలుంటాయి, ఒకరి పొలంలో ఒకరు చేయి వేసే అలవాటుంటుంది. చికిత్స చేసేవాళ్లు ఈ బలాన్ని పట్టుకోవాలి.

కుటుంబాన్ని చికిత్సలోకి తీసుకురావడం మనకు కొత్త కూడా కాదు. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రి పెద్ద డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను గేటు బయట ఆపలేదు. ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగి పక్కనే ఉండమన్నాడు. జబ్బు అంటే ఏమిటో రోజూ వాళ్లకు వివరించేవాడు. రోగులు త్వరగా తేరుకున్నారు, ఇళ్లకు తిరిగి వెళ్లారు. ప్రపంచంలో చాలా ఆసుపత్రులు బంధువులను దూరం పెడుతున్న రోజుల్లో జరిగిన పని అది. దానికి రావలసినంత పేరు రాలేదు.

ఈ చికిత్స రోజువారీగా ఎలా ఉంటుంది? బ్రిటన్‌లో 2014 నాటి జాతీయ వైద్య మార్గదర్శకాలు రోగితో విడిగా కనీసం 16 సార్లు, కుటుంబంతో కనీసం 10 సార్లు శిక్షణ పొందిన చికిత్సకులు కూర్చోవాలంటాయి. చింతపల్లి మండలంలో అంతమంది సైకాలజిస్టులను తేవడం ఇప్పట్లో అయ్యే పని కాదు. లక్ష జనాభాకు ఒక మానసిక వైద్యుడు కూడా లేని దేశం మనది. ఉన్నవాళ్లలోనూ ఎక్కువమంది నగరాల్లోనే ఉన్నారు. అందుకే ఆ పనిని ముక్కలుగా విడదీసి, డాక్టరు చేయాల్సింది డాక్టరుకు ఉంచి, మిగతాది చదువుకున్న స్థానికులకు నేర్పే పద్ధతి పుట్టింది.

ఒక ఇంటిని ఊహించుకుందాం. కుర్రవాడికి ఇరవై నాలుగేళ్లు. ఇంటర్ మధ్యలో మానేశాడు. విశాఖలో చూపించారు, మందు మొదలైంది. వాళ్లింటికి పక్క ఊరి నుంచి ఒక కార్యకర్త వస్తుంది. ఆ ఇంటి భాష, వరసలు తెలిసిన మనిషి. మొదటి రోజు జబ్బు ఊసెత్తదు. అరుగు మీద కూర్చుని కాఫీ కాపు ఎలా ఉందని తల్లిని అడుగుతుంది. కుర్రవాణ్ని "తమ్ముడూ" అని పలకరిస్తుంది. బదులు రాకపోయినా మళ్లీ వారం వస్తుంది. మూడో సారో నాలుగో సారో అతను తలెత్తి చూస్తాడు. ఈ నమ్మకం కుదరకుండా ఎన్ని పాఠాలు చెప్పినా వృథా.

తరవాత ఇంటివాళ్లకు జబ్బు గురించి చెబుతుంది. ఇది ఎవరి పాపమూ కాదు, ఎవరూ పెట్టింది కాదు, బీపీకో షుగరుకో వాడినట్టు ఏళ్ల తరబడి మందు వాడాల్సిన జబ్బు, ఆ పడుకోవడం బద్ధకం కాదు. మాత్రను పొద్దున చోడి అంబలి తాగే వేళకు ముడిపెడుతుంది, మరిచిపోకుండా. చేతులు వణికినా, నోరు తడబడినా మందు ఆపకుండా ఆసుపత్రిలో చెప్పమంటుంది. డాక్టరు మోతాదు మార్చవచ్చు. గొంతులు వినిపిస్తున్నాయని అతను అన్నప్పుడు ఏం చేయాలో నేర్పుతుంది. "అవేం లేవు, ఊరుకో" అని వాదించొద్దు. నిజమేనని ఒప్పుకుని దిష్టి తీయొద్దు. "నాకు వినిపించట్లేదురా, నీకు వినిపిస్తున్నట్టుంది. భయమేస్తోందా? పద, అలా పొలం దాకా వెళ్దాం" అనడం చాలు. తిరగబెట్టే ముందు కనిపించే గుర్తులు ఏమిటో తల్లితో కలిసి రాసి పెడుతుంది. రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోవడం, తిండి మీద అనుమానం, ఉన్నట్టుండి ఊరు వదిలి పోతాననడం. ఆ గుర్తు కనపడగానే ఎవరికి ఫోన్ చేయాలో కూడా ఆ కాగితం మీదే ఉంటుంది.

పని సంగతి అన్నిటికంటే ముఖ్యం, అన్నిటికంటే ఓర్పుతో చేయాల్సింది. నవంబరు నుంచి జనవరి దాకా ఈ కొండల్లో కాఫీ పళ్లు కోతకు వస్తాయి. కొమ్మ మీద పచ్చివి వదిలి ఎర్రగా పండినవే ఏరాలి. ధ్యాస నిలవనివాడికి అది మొదటి రోజే పెడితే చేయలేడు, మేస్త్రీ కసురుతాడు, మళ్లీ దుప్పటిలోకి పోతాడు. అందుకని ముందు ఆరబోసిన పళ్లను పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తిరగేసే పని. అది కుదిరాక ఇంటి దగ్గరి నాలుగు చెట్ల కోత. ఆ తరవాత మిగతావాళ్లతో కలిసి అరపూట. మధ్యలో ఒక వారం సంతకు వెళ్లి ఉప్పు, సబ్బు కొని చిల్లర లెక్క చూసుకుని రావడం. అవతలి మనిషి కళ్లలోకి చూసి ధర అడగడం కూడా అతను మళ్లీ నేర్చుకోవాల్సిన విద్యే. సొంత కూలి చేతికందిన రోజు ఇంట్లో అతని మాటకు విలువ పెరుగుతుంది. మందుల చీటీలో దొరకనిది ఇదే.

ఈ ఊహ గాలిలోంచి తెచ్చింది కాదు. మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున ఉన్న బర్వానీ జిల్లాలో భిల్లులు, భిలాలాలు ఎక్కువ. అక్కడ కుష్ఠు రోగుల పునరావాసం కోసం మొదలైన ఆశాగ్రామ్ ట్రస్టు, దీర్ఘకాలిక స్కిజోఫ్రీనియా ఉన్నవారి కోసం గ్రామ కార్యకర్తలతో ఇలాంటి సేవ నడిపింది. ఇళ్లకు వెళ్లడం, మందులు అందేలా చూడటం, కుటుంబాలనూ ఊరివాళ్లనూ కలిపి సమితులు కట్టించడం వాళ్ల పద్ధతి. సుదీప్తో చటర్జీ బృందం దాన్ని ఆసుపత్రి ఓపీ చికిత్సతో పోల్చి చూసి 2003లో బ్రిటిష్ మనోవైద్య పత్రికలో ఫలితాలు ప్రచురించింది. మొత్తం 207 మంది. 127 మందికి ఊళ్లోనే సేవ, 80 మందికి ఓపీ. ఊళ్లో సేవను పూర్తిగా వాడుకున్నవారిలో వైకల్యం బాగా తగ్గింది. చికిత్సలో నిలకడగా కొనసాగినవాళ్లు కూడా ఆ గుంపులోనే ఎక్కువ. అక్షరాస్యత తక్కువ, దూరాలు ఎక్కువ, పేదరికం ఎక్కువ. బర్వానీ గురించి చెప్పే ఈ మాటలు లంబసింగి చుట్టుపక్కలకూ అతుకుతాయి.

ఆ తరవాత ఇంకా పకడ్బందీగా ఒక పరీక్ష జరిగింది. తమిళనాడులో చెన్నై దగ్గరి తిరుప్పోరూరు, గోవా, మహారాష్ట్రలోని సాతారా దాని కేంద్రాలు. 282 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీశారు. 95 మందికి ఆసుపత్రి చికిత్స మాత్రమే అందింది. 187 మందికి ఆసుపత్రి చికిత్సతో పాటు స్థానిక కార్యకర్త ఏడాది పాటు ఇంటికి వెళ్లింది. మొదటి మూడు నెలలూ తరచుగా వెళ్లి, తరవాత మెల్లగా ఎడం పెంచారు. చెన్నైలో 1984లో డాక్టర్ శారదా మీనన్ స్థాపించిన స్కార్ఫ్ సంస్థ తమిళనాడు కేంద్రాన్ని చూసుకుంది. 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితం గంతులు వేయించేది కాదు. లక్షణాలు, వైకల్యం రెండో జట్టులో కొంత ఎక్కువగా తగ్గాయి. ఖర్చు పెరిగింది. కానీ మన కొండలకు పనికొచ్చే సంగతి అందులోనే దాగి ఉంది. మేలు స్పష్టంగా కనిపించింది పల్లెప్రాంతమైన తమిళనాడు కేంద్రంలో. అప్పటికే సేవలు అందుబాటులో ఉన్న చోట కంటే, ఏమీ లేని పల్లెల్లో మొదటి సేవగా ఈ పద్ధతిని పెట్టడం మేలని పరిశోధకులే రాశారు.

ఏమీ లేని చోట ఎక్కువ పనికొస్తుంది. ఈ ఒక్క వాక్యం పాడేరు, చింతపల్లి అధికారుల బల్లల మీద ఉండాలి.

తెలుగు నేలకు ఈ దారి కొత్తది కాదు. 1982లో కేంద్రం జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం తెచ్చింది. 1996లో జిల్లా స్థాయి కార్యక్రమాన్ని మొదట నాలుగు జిల్లాల్లో మొదలుపెట్టినప్పుడు వాటిలో ఒకటి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్. ఉద్దేశం సరైనదే, మానసిక వైద్యాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా తేవడం. ఆచరణలో అది చాలా జిల్లాల్లో మందులు పంచే క్లినిక్కు దగ్గరే ఆగింది. ఇంటికి వెళ్లే కాళ్లు దానికి మొలవలేదు. 2015–16లో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో తీవ్ర మానసిక రుగ్మతలున్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ 12 రాష్ట్రాల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు.

గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తలు ఈ పనికి పనికొస్తారా అన్న అనుమానానికి కొంత జవాబు అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా ఇచ్చింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు అక్కడి 30 గిరిజన గ్రామాల్లో ఆశాలకు ట్యాబ్‌లు ఇచ్చి, దిగులు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారిని గుర్తించడం నేర్పారు. అయిదు వేల మందిని అడిగి చూస్తే 238 మందికి సాయం అవసరమని తేలింది. ఆశాలు వాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపారు, వెళ్లారో లేదో మళ్లీ కనుక్కున్నారు. మానసిక వైద్యం తీసుకునేవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారని 2017లో ప్రచురించారు. అది స్కిజోఫ్రీనియా మీద చేసిన పని కాదు. ఈ జబ్బుకు ఇంకా లోతైన శిక్షణ కావాలి. అయినా తెలుగు ఏజెన్సీ పల్లెలో, తెలుగు ఆశా చేతిలో మానసిక వైద్యం ఒక అడుగు వేయగలిగిందనడానికి అది సాక్ష్యం.

కొండల్లో ఈ పని చేసేవాళ్లకు మొదట ఎదురయ్యేది వేరే నమ్మకం. ఒకడికి మతి చలించిందంటే ఎవరో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారంటారు. ఆ అనుమానం ఒక్కోసారి చిల్లంగి పెట్టాడన్న వృద్ధుడి ప్రాణం మీదికే వస్తుంది. విశాఖ ఏజెన్సీలో ఇలాంటి హత్యల వార్తలు పలుమార్లు వచ్చాయి. అంటే సరైన సమయంలో జబ్బును జబ్బుగా గుర్తించడం రోగినే కాదు, అతని పొరుగువాణ్ని కూడా కాపాడుతుంది. అలాగని ఊరి గురువులను, నాటు వైద్యులను మూఢులని తిట్టి లాభం లేదు. జనం ముందుగా వెళ్లేది వాళ్ల దగ్గరికే. వాళ్లు చెప్పే ధైర్యం కొందరికి నిజంగానే ఊరట. గుజరాత్‌లో మెహసానా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో దువా చేసేవాళ్లూ డాక్టర్లూ ఒకే ఆవరణలో పనిచేసే ఏర్పాటు జరిగింది. దర్గా సేవకులే జబ్బు గుర్తులు పోల్చుకుని మనిషిని డాక్టరు గదికి పంపుతారు. మన కొండల్లోనూ గురువు "పూజ చేస్తాను, మాత్ర కూడా మానొద్దు" అంటే తల్లి నమ్మినంతగా, తెల్లకోటు చెబితే నమ్మదు.

ఒప్పుకోలేనిది ఒక్కటే, గొలుసు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో పాకలకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు కదల్లేక చనిపోయారు. 2017లో వచ్చి 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనూ రోగిని గొలుసుతో బంధించకూడదని 95వ సెక్షన్‌లో నిషేధించింది. సమాజంలో అందరితో కలిసి బతికే హక్కును 19వ సెక్షన్‌లో రాసింది. అయితే పొలానికి వెళ్లక తప్పని తల్లి కొడుకును గుంజకు కట్టేసిందంటే, ఆమెకు చట్టం చదివి వినిపించడం కంటే ముందు మధ్యాహ్నం దాకా అతని దగ్గర ఉండే మనిషిని చూపించాలి.

గంజాయి సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఈ ఏజెన్సీ పేరు గంజాయి కేసుల్లో తరచూ వినిపిస్తుంది. చిన్న వయసులో గంజాయి ఎక్కువగా తాగడం ఈ రకం జబ్బు ముప్పును పెంచుతుందని 1987లో వచ్చిన స్వీడన్ సైనికుల అధ్యయనం మొదలు చాలా పరిశోధనలు చెప్పాయి. జబ్బు ఉన్నవాడు తాగితే మందు పనిచేయడం కష్టం. అంతమాత్రాన ఇక్కడ జబ్బు చేసిన ప్రతి కుర్రవాణ్నీ గంజాయికి అంటగట్టడం అన్యాయం. ఒక్కసారి కూడా దాన్ని ముట్టనివాళ్లకూ ఈ జబ్బు వస్తుంది.

డబ్బు మాట వదిలేస్తే ఈ చికిత్స సగంలో ఆగిపోతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక రుగ్మతనూ వైకల్యంగా గుర్తించింది. వైద్య బోర్డు 40 శాతం లేదా ఆపైన వైకల్యం ఉందని సదరం ధ్రువపత్రం ఇస్తే ఆంధ్రప్రదేశ్‌లో పింఛనుకు అర్హత వస్తుంది. 2024 జులై నుంచి అది నెలకు 6,000 రూపాయలు. కొండ మీది ఇంట్లో ఆ సొమ్ముతో బస్సు ఛార్జీలు గడుస్తాయి, తోడు వెళ్లే మనిషి కూలి నష్టం పూడుతుంది, రోగి ఇంటికి బరువన్న మాట తగ్గుతుంది. కాలూ చేయీ బాగానే ఉన్న మనిషికి పింఛను ఎందుకన్న ప్రశ్న ఊళ్లో వస్తుంది కనుక, కాగితాలు పట్టుకుని బోర్డు దాకా నడిపించే మనిషి కావాలి. లాన్సెట్ పరీక్షలో కార్యకర్తల పనుల పట్టీలో కూడా ప్రభుత్వ సాయం ఇప్పించడం, స్వయం సహాయక బృందాలతో కలపడం ఉన్నాయి. ఇక్కడయితే వెలుగు సంఘాలు, ఉపాధి హామీ పని సిద్ధంగానే ఉన్నాయి.

ఫోన్ అందే చోట ఇంకొక ఆసరా ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరుతో ఏ వేళనైనా ఉచితంగా చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. జబ్బు గుర్తులు చూసి కంగారుపడే అన్నకో అక్కకో అది మంచి మొదటి మెట్టు. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన గూడేలకు మాత్రం మనిషే వెళ్లాలి.

ఆ మనిషి ఎవరన్నది తేల్చకుండా ఎన్ని పథకాలు రాసినా లాభం లేదు. ఆశా కార్యకర్తకు ఇప్పటికే గర్భిణులు, పసిపిల్లల టీకాలు, మలేరియా రక్తపరీక్షలు, క్షయ మందులు, రకరకాల రిజిస్టర్లు ఉన్నాయి. ఇది కూడా చేయమని ఇంకో కాగితం చేతిలో పెడితే అది కాగితంగానే మిగులుతుంది. తిరుప్పోరూరులో ఇళ్లకు తిరిగినవాళ్లకు అదే ఉద్యోగం. శిక్షణ ఉంది, జీతం ఉంది, చిక్కు వచ్చినప్పుడు అడగడానికి పైన అనుభవజ్ఞులు ఉన్నారు. ఇక్కడా అలాగే ఉండాలి. మండలానికి ఇద్దరు ముగ్గురు, పదో తరగతి దాటినవాళ్లు, కొండల్లో పుట్టినవాళ్లు, తెలుగుతో పాటు ఆయా గూడేల్లో మాట్లాడే కువి, ఆదివాసీ ఒడియా వంటి భాషలు వచ్చినవాళ్లు. వాళ్లను గుర్తుపట్టేది, పంపేది ఆశాలే. విశాఖ ఆసుపత్రి మానసిక వైద్యుడు నెలకొక రోజు చింతపల్లికి వచ్చి కూర్చుంటే పాతిక ఇళ్లు దిగాల్సిన ఘాట్ రోడ్డును ఒక్క జీపు ఎక్కుతుంది. ఇంజెక్షన్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే నర్సు చేస్తుంది. కార్యకర్త తన పుస్తకం విప్పి, ఫలానా ఇంట్లో తమ్ముడు రెండు వారాలుగా కోతకు వెళ్తున్నాడనో, ఇంకో ఇంట్లో చెల్లి మళ్లీ నిద్రపోవడం లేదనో డాక్టరుకు చెబుతుంది. డాక్టరు ఆ చెల్లి మందు మోతాదు ఆ పూటే మారుస్తాడు. కోత పని మొదలయ్యేది నవంబరులో కనుక, కార్యకర్తల ఎంపిక, శిక్షణ వేసవిలోనే మొదలుపెడితే ఒక కాఫీ కాపు కలిసొస్తుంది.